పాత స్పోకు పుల్లే మైక్రోమీటరు

సెలవులకి ఇంటికెళ్ళిన మా ఫ్రెండ్ ఒకడు వాళ్ళ నాన్నగారి పాత మారుతి 800 ఇంజిన్‌ని ఇంట్లోనే ట్యూన్ చేస్తానని మొదలుపెట్టాడు. మొదలుపెట్టడం అంటే బానెట్ ఎత్తడం కాదు, ఫోన్ తీయడం. రెండు రోజుల్లో ఆన్‌లైన్ కార్ట్‌లోకి టైమింగ్ లైట్, వాక్యూమ్ గేజ్, కంప్రెషన్ గేజ్, డిజిటల్ వెర్నియర్, టార్క్ రెంచ్ అన్నీ వచ్చి చేరాయి. బిల్లు చూసిన నాన్నగారు ఒక్కటే అడిగారట, అసలు బండికొచ్చిన జబ్బేంటి అని. మావాడి దగ్గర జవాబు లేదు.

ఈ సంగతి విన్నప్పుడు నాకు బర్ట్ మన్రో గుర్తొచ్చాడు. 2005లో వచ్చిన "ది వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్" సినిమా చూసినవాళ్ళకి ఈ పేరు తెలిసే ఉంటుంది. ఆంథొనీ హాప్కిన్స్ వేసిన ముసలాయన పాత్ర ఈయనదే. పేరు చూసి మన దేశం వాడనుకోకండి. ఇండియన్ అన్నది అమెరికాలోని ఒక మోటార్‌సైకిల్ కంపెనీ పేరు, మన్రోది న్యూజిలాండ్. ఆయన జీవితమంతా కూర్చున్నది కారు ఇంజిన్ ముందు కాదు, బైకు ఇంజిన్ ముందు. కానీ లోపల జరిగేది అదే నాలుగు స్ట్రోకుల కథ: పిస్టన్, వాల్వ్, కార్బ్యురేటర్, స్పార్క్ ప్లగ్. ఇంట్లో కూర్చుని ఇంజిన్ ట్యూన్ చేయడానికి ఏమేం కావాలి అన్న ప్రశ్నకి ఆయనంత కాలం, ఆయనంత ఖర్చుపెట్టి జవాబు వెతికినవాళ్ళు అరుదు. ఖర్చు అంటే డబ్బు కాదు. అది ఆయన దగ్గర ఎప్పుడూ లేదు.

హెర్బర్ట్ జేమ్స్ మన్రో 1899 మార్చి 25న న్యూజిలాండ్ దక్షిణ కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో పుట్టాడు. కవల పిల్లల్లో ఒకడు. చెల్లెలో అక్కో, ఆ కవల ఆడపిల్ల పుట్టుకలోనే పోయింది. ఇతను కూడా ఎక్కువ కాలం బతకడని డాక్టర్లు అనుకున్నారట. పెరిగింది ఊరికి కాస్త దూరంలో, ఈడెన్‌డేల్ దగ్గర పొలంలో. పొలంలో ఉన్న గుర్రాల్లో ఏది వేగంగా పరిగెడితే దాన్నే ఎక్కి పరుగెత్తించేవాడు, నాన్న వద్దంటున్నా సరే. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక కొన్నాళ్ళు ఒటీరా రైల్వే సొరంగం పనిలో చేరాడు. తండ్రి కొత్త పొలం కొని పిలిస్తే తిరిగొచ్చాడు. ఈ మధ్యలోనే మోటార్‌సైకిళ్ళ పిచ్చి పట్టుకుంది. సైడ్‌కార్ ఉన్న క్లైనో బండి కొని, సైడ్‌కార్ పీకేసి 1919లో లోకల్ రేసుల్లో రికార్డులు పెట్టాడు. అంటే కొన్న బండిని కొన్నట్టు ఉంచే అలవాటు మొదటినుంచీ లేదన్నమాట.

1920లో ఒక కొత్త ఇండియన్ స్కౌట్ కొన్నాడు. 600 సీసీ, రెండు సిలిండర్ల వి-ట్విన్ ఇంజిన్. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు దాని గరిష్ఠ వేగం గంటకు దాదాపు 88 కిలోమీటర్లు. ఆరేళ్ళు అలాగే నడిపాడు. 1926లో ఇంజిన్ విప్పాడు. ఆ తర్వాత ఆ విప్పడం, బిగించడం దాదాపు ఆయన పోయేదాకా ఆగలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆయన పరిస్థితి చూడాలి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆయన మోటార్‌సైకిళ్ళు అమ్మే ఉద్యోగంలో చేరాడు, మెకానిక్ పని కూడా చేసేవాడు. పగలు ఉద్యోగం, రాత్రి తన షెడ్డు. స్కౌట్ కాక 1936 నాటి వెలోసెట్ అనే ఇంకో బండి కూడా ఉండేది. రెండింటి మీదా రాత్రంతా పనిచేసి, నిద్ర లేకుండానే పొద్దున్న షాపుకెళ్ళిన రోజులున్నాయి. రేసింగ్ విడిభాగాలు విదేశం నుంచి తెప్పించుకునే స్తోమత లేదు. మెషిన్ షాపులో ఆర్డరిచ్చి చేయించుకునే స్తోమతా లేదు. కాబట్టి ఏం కొనాలి అన్న ప్రశ్న ఆయనకి రాలేదు. ఏది లేకుండా పని జరగదు, ఉన్నదాంట్లో ఏది ఆ పనికొస్తుంది అన్న ప్రశ్నే ఎప్పుడూ ముందుండేది.

పిస్టన్లు సొంతంగా పోత పోసుకున్నాడు. అచ్చులుగా పాత డబ్బాలు. సిలిండర్ బ్యారెళ్ళు, ఫ్లైవీళ్ళు కూడా తనే చేసుకున్నాడు. కనెక్టింగ్ రాడ్లు విరుగుతుంటే, క్యాటర్‌పిల్లర్ ట్రాక్టర్ యాక్సిల్ ఉక్కు తీసుకుని దాన్నుంచి చేత్తో చెక్కి, హీట్ ట్రీట్‌మెంట్ చేసి వాడాడు. ఇది వింటే మొరటు పనిలా అనిపిస్తుంది గానీ మన మెటీరియల్స్ క్లాసు గుర్తు తెచ్చుకోండి. యాక్సిల్ అంటే రోజంతా మెలితిప్పుళ్ళూ దెబ్బలూ తినడానికే తయారైన ఉక్కు. కనెక్టింగ్ రాడ్‌కి కావలసిన గుణాలూ దాదాపు అవే. చెత్తకుప్పలో దొరికిన ఇనుప ముక్క కాదది, తెలిసి ఎంచుకున్న మెటీరియల్. డబ్బు లేని చోట ఆయన దాని బదులు వాడింది ఆ తెలివిడినే.

ఇంజిన్ లోపల ఆయన చేసిన అతి పెద్ద మార్పు వాల్వులది. స్కౌట్ సైడ్ వాల్వ్ ఇంజిన్. అంటే వాల్వులు సిలిండర్ పక్కన, కింద నుంచి పైకి తెరుచుకునేలా ఉంటాయి. తయారీకి సులువు, రిపేరుకి సులువు. కానీ గాలి లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా సందు తిరిగి పోవాలి. పైగా సిలిండర్ పైన, వాల్వుల పైన కలిపి ఖాళీ జాగా ఎక్కువైపోతుంది కాబట్టి కంప్రెషన్ రేషియో ఒక హద్దు దాటి పెరగదు. మన్రో ఆ అమరికనే తీసేసి, నాలుగు క్యాములతో వాల్వులు తల మీద ఉండే ఓవర్‌హెడ్ వాల్వ్ ఏర్పాటు తనే డిజైన్ చేసి పెట్టాడు. ఇంజిన్ సామర్థ్యం కూడా మెల్లగా పెంచుకుంటూ పోయి చివరికి 950 సీసీ దాకా తెచ్చాడు. ఫ్యాక్టరీలో ఒక డిపార్ట్‌మెంట్ చేసే పనిని ఒక్కడు, ఒక షెడ్డులో చేశాడు.

మరి కొలతలు? ఇక్కడే నాకు చాలా ఇష్టమైన సంగతి ఉంది. ఆయన మైక్రోమీటరు ఒక పాత చక్రం స్పోకు పుల్ల!

మొదటిసారి చదివినప్పుడు ఇదేదో గొప్పలకి చెప్పిన మాట అనుకున్నా. తర్వాత మెట్రాలజీ ల్యాబ్‌లో గో, నో-గో గేజ్ చేతికిచ్చినప్పుడు అర్థమైంది. పుల్ల మీద మిల్లీమీటర్లు ఉండవు. ఈ బోరు ఇన్ని మిల్లీమీటర్లు అని అది చెప్పలేదు. కానీ ఒక కొలతని ఇక్కడ్నుంచి అక్కడికి తీసుకెళ్ళగలదు. ఇది దానికన్నా కాస్త వదులు, ఇది కాస్త బిగువు అని వేలికి చెప్పగలదు. పిస్టన్‌కీ బోరుకీ మధ్య కావలసింది సరైన సందు. మరీ తక్కువైతే వేడికి అల్యూమినియం ఉబ్బి పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే మండిన గ్యాస్ పక్కనుంచి కిందికి జారిపోతుంది. ఆ సందుకి కావలసింది అంకె కన్నా ముందు పోలిక. ఒక్కడే మనిషి రెండు భాగాలూ తన చేత్తోనే చేసుకుంటున్నప్పుడు పోలికతో పని నడుస్తుంది. ఆ భాగాన్ని ఇంకో ఊళ్ళో ఇంకొకడు చేయాలంటే మాత్రం అంకె కావలసిందే. మైక్రోమీటర్ ఎప్పుడు తప్పనిసరో, ఎప్పుడు కాదో ఈ ఒక్క తేడాలో ఉంది.

ఇక పవర్ కొలిచే డైనమోమీటర్ సంగతి. మన్రోకి అది ఇన్వర్‌కార్గిల్ పక్కనున్న ఒరేటి బీచ్. మైళ్ళ కొద్దీ తిన్నగా సాగే గట్టి ఇసుక. అక్కడే రేసులు, అక్కడే పరీక్షలు. మార్పు చేయడం, తీసుకెళ్ళి పరిగెత్తించడం, వేగం పెరిగిందో లేదో చూడడం. 1938లో న్యూజిలాండ్ వేగ రికార్డు మొదటిసారి ఆయన పేరున పడింది. ఆ తర్వాత ఇంకో ఏడు పడ్డాయి.

వేగాన్ని బట్టి పవర్ అంచనా వేయడం అంత తప్పేమీ కాదు. గాలి నిరోధాన్ని గెలవడానికి కావలసిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. గంటకు 88 కిలోమీటర్ల బండి గంటకు 296 కిలోమీటర్లు వెళ్ళాలంటే వేగం మూడుంపావు రెట్లకి కాస్త ఎక్కువ. బండి ఆకారం మారకుండా, గాలిని మాత్రమే లెక్కేస్తే పవర్ సుమారు 38 రెట్లు కావాలి. ఇంజిన్ సామర్థ్యం మాత్రం 600 నుంచి 950కే పెరిగింది, అంటే ఒకటిన్నర రెట్ల పైచిలుకు. మిగతాదంతా గాలి బాగా పీల్చేలా చేయడం వల్ల, ఎక్కువ ఆర్‌పీఎం వల్ల, కంప్రెషన్ వల్ల రావాలి. అదీ చాలదు, ఆకారమూ మారాలి. అందుకే ఆయన బండికి చేప లాంటి పొడుగాటి తొడుగు కూడా చేసుకున్నాడు. ట్యూనింగ్ అంటే ఇంజిన్ ఒక్కటే కాదని ఆయనకి బీచ్ నేర్పింది.

కానీ బీచ్ డైనమోమీటర్‌కి ఒక లోటుంది. అది ఫలితం చెబుతుంది, కారణం చెప్పదు. మిశ్రమం పలచనై పిస్టన్ కరగబోతోందని ముందే హెచ్చరించదు. కరిగాకే తెలుస్తుంది, అదీ మనిషి ఆ వేగంలో బండి మీద ఉన్నప్పుడు. మన్రో షెడ్డులో ఒక అలమార ఉండేది. అందులో పగిలిన పిస్టన్లు, విరిగిన రాడ్లు, పాడైన భాగాలు వరసగా పేర్చి, ఇవన్నీ వేగదేవుడికి పెట్టిన నైవేద్యాలు అని అర్థం వచ్చేలా రాసిపెట్టుకున్నాడు. సినిమాలో చూసినప్పుడు అది నవ్వొచ్చే సీను. నాకు మాత్రం ఆ అలమార ఆయన దగ్గరున్న పరికరాల్లో అన్నిటికన్నా ఖరీదైనది అనిపిస్తుంది. ప్రతి ముక్కా ఒక రీడింగు. ఎక్కడ విరిగింది, ఏ వైపు కాలింది, పగులు ఎక్కడ మొదలైంది అన్నది దాచుకున్నవాడికే తెలుస్తుంది. మనం ల్యాబులో పాడైన స్పెసిమెన్‌ని డస్ట్‌బిన్‌లో పడేసి వచ్చేస్తాం కదా!

ఇంకో ఖర్చు కూడా చెప్పాలి. ఇలాంటి కథలు రాసేటప్పుడు మనం దాన్ని దాటేస్తుంటాం. మన్రోకి భార్య, నలుగురు పిల్లలు. రాత్రుళ్ళన్నీ షెడ్డుకే పోయాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత భార్యాభర్తలు విడిపోయారు. ఆయన ఉద్యోగం కూడా మానేసి, బండ్లున్న షెడ్డులోనే కాపురం పెట్టాడు. దీన్ని త్యాగం అని పొగడడానికి నాకు మనసొప్పదు. తప్పని తీర్పు చెప్పే హక్కూ నాకు లేదు. సరైన పరికరాలు లేనప్పుడు వాటి బదులు మనిషి తన కాలాన్ని పెడతాడు, ఆ కాలంలో ఇంట్లోవాళ్ళ వాటా కూడా ఉంటుంది. ఇది లెక్కలో రాసుకోవాలి. జుగాడ్ ఊరికే రాదు.

అమెరికాలో యూటా రాష్ట్రంలో బోన్‌విల్ అనే ఉప్పు మైదానం ఉంది. కనుచూపు మేర చదునైన తెల్లటి నేల, వేగ రికార్డులకి అదే పుణ్యక్షేత్రం. మన్రో 1957లో అక్కడికి ఊరికే చూడడానికి వెళ్ళాడు. అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. తర్వాత గుండెనొప్పి బయటపడింది. అయినా 1962లో బండితో సహా సముద్రం దాటాడు.

అక్కడో చిక్కుంది. ఇన్వర్‌కార్గిల్ బీచ్ సముద్రమట్టం మీద ఉంటే, బోన్‌విల్ దాదాపు 1,280 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి సాంద్రత సుమారు పది, పన్నెండు శాతం తక్కువ. బీచ్‌లో సరిపోయిన కార్బ్యురేటర్ జెట్ అక్కడ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మిశ్రమం చిక్కబడిపోతుంది. అంటే ఇంటి దగ్గర చేసిన ట్యూనింగ్ ఇంటి దగ్గర గాలికే. ఏ ట్యూనర్ అయినా మళ్ళీ మొదట్నుంచి సరిచూసుకోవలసిందే. అందుకు ఆ రోజుల్లో వాడిన మీటరు స్పార్క్ ప్లగ్. ఫుల్ థ్రాటిల్‌లో ఉండగా ఇంజిన్ ఆపేసి ప్లగ్ విప్పి చూస్తారు. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోతే తక్కువ, లేత గోధుమ రంగుంటే పర్వాలేదు. కావలసింది ఒక ప్లగ్ స్పానర్, ఒక జత కళ్ళు.

1962లో 63 ఏళ్ళ వయసులో ఆయన 883 సీసీ తరగతిలో గంటకు 288 కిలోమీటర్ల ప్రపంచ రికార్డు పెట్టాడు. 1966లో మళ్ళీ వెళ్ళి ఇంకో తరగతిలో గంటకు 270 కిలోమీటర్లు. 1967లో 68 ఏళ్ళు. బండికి 47. ఆ ఏడాది క్వాలిఫైయింగ్ పరుగులో ఒకవైపు గంటకు దాదాపు 306 కిలోమీటర్లు తాకాడు. అప్పటిదాకా ఒక ఇండియన్ మోటార్‌సైకిల్ మీద అధికారికంగా నమోదైన అత్యధిక వేగం అది. ఆ సీజన్‌లోనే ఒక పరుగులో బండి ఊగిపోయి, దాన్ని పక్కకి పడేసి ఆపుకోవలసి వచ్చింది. గీసుకుపోయిన గాయాలతో బయటపడ్డాడు. రికార్డుకి మాత్రం ఒకవైపు పరుగు చాలదు. గాలి సాయం లెక్కలోకి రాకుండా అటూ ఇటూ రెండు పరుగులు పెట్టి సగటు తీస్తారు. 1,000 సీసీ లోపు తరగతిలో ఆయన సగటు గంటకు 183.59 మైళ్ళని అధికారులు ప్రకటించారు.

ఆ తర్వాతా కొన్నేళ్ళు ఆయన బోన్‌విల్ వెళుతూనే ఉన్నాడు. న్యూజిలాండ్ దర్శకుడు రోజర్ డొనాల్డ్‌సన్ ఆయన వెంట వెళ్ళి 1971లో ఒక డాక్యుమెంటరీ తీశాడు. 2005 నాటి సినిమా తీసిందీ ఆయనే. ఆరోగ్యం దెబ్బతిన్నాక మన్రో తన బండ్లని ఊళ్ళోని ఒక హార్డ్‌వేర్ షాపు వాళ్ళకి అమ్మేశాడు. 1978 జనవరి 6న గుండె ఆగి పోయాడు. ఆయన బండ్లు ఇప్పటికీ ఇన్వర్‌కార్గిల్‌లో ఆ షాపులోనే, నట్లూ బోల్టులూ కొనుక్కోవడానికి వచ్చేవాళ్ళ మధ్య ఉన్నాయి. ఆయనకి అంతకన్నా తగిన మ్యూజియం ఏముంటుంది!

కథ ఇక్కడితో అయిపోలేదు. 2014లో, అంటే ఆ పరుగు జరిగిన 47 ఏళ్ళకి, ఆయన కొడుకు జాన్ పాత కాగితాలు చూస్తూ ఒక సంగతి పట్టుకున్నాడు. 1967లో అధికారులు సగటు లెక్కలో తప్పు చేశారు. తిరిగి లెక్కేస్తే వచ్చింది గంటకు 184.087 మైళ్ళు, అంటే దాదాపు 296 కిలోమీటర్లు. రికార్డు సవరించారు.

ఈ సంగతి నేను చాలాసార్లు తలుచుకున్నా. స్పోకు పుల్లతో కొలిచి పోత పోసిన పిస్టన్ ఆ వేగాన్ని తట్టుకుంది. వేగాన్ని కొలిచిన టైమింగ్ పరికరాలూ తమ పని తాము చేశాయి. తప్పు జరిగింది రెండు అంకెల సగటు తీసిన చోట. పరికరం ఎంత ఖరీదైనదైనా దాని రీడింగుని ఏం చేయాలో మనిషే తేల్చుకోవాలి. జాన్ చేసింది కూడా ట్యూనింగే అంటాను నేను.

మరి ఇవాళ ఇంట్లో కారు ఇంజిన్ ట్యూన్ చేయాలనుకునేవాడు ఏం కొనాలి? మన్రోలా ఏమీ కొనకు అని నేను చెప్పను. ఆయనకి గేజ్ బదులు పిస్టన్లు పగిలాయి, ఒళ్ళు గీసుకుపోయింది. చవకగా సెన్సర్ దొరికే రోజుల్లో భాగం పగిలాక నేర్చుకుంటానడం వీరత్వం కాదు. కానీ ప్రశ్న లేకుండా కొన్న పరికరం కూడా డబ్బాలోనే ఉండిపోతుంది. నాకు తోచిన వరస ఇది. ముందు కళ్ళతో చూసేది: ప్లగ్ స్పానర్. తర్వాత సందులు చూసేది: ఫీలర్ గేజ్. ఆ తర్వాత ఇంజిన్ ఆరోగ్యం చెప్పేది: కంప్రెషన్ గేజ్. ఒక సిలిండర్‌లో ఒత్తిడే లేకపోతే ఎంత ట్యూన్ చేసినా వృథా కాబట్టి. ఆ మూడూ బాగున్నాయని తేలాకే టైమింగ్ లైట్, వాక్యూమ్ గేజ్. పవర్ పెంచే భాగాలన్నిటికీ ముందు పొగలో ఆక్సిజన్ చూపే లాంబ్డా మీటర్. కొలిచేవి ముందు, మార్చేవి తర్వాత. ఒకసారికి ఒకటే మార్పు. ఒక నోట్‌బుక్కు. పాడైన ముక్కలకి ఒక అర.

మావాడి సంగతి చెప్పలేదు కదూ. నాన్నగారి ప్రశ్న తర్వాత కార్ట్ ఖాళీ చేసి, వీధి చివర మెకానిక్ దగ్గర ప్లగ్ స్పానర్ అరువు తెచ్చాడు. మూడు ప్లగ్గులూ బొగ్గులా ఉన్నాయి. వెతికితే చోక్ కేబుల్ పట్టేసి పూర్తిగా వెనక్కి రావట్లేదని తేలింది. కాస్త నూనె పోసి కదిలిస్తే సరిపోయింది. ఆ మూడు ప్లగ్గుల్లో ఒకటి ఇప్పుడు వాడి హాస్టల్ టేబుల్ మీద ఉంది. దాని కింద చిన్న చీటీ మీద తేదీ, బండి నంబరు, కారణం రాసి పెట్టుకున్నాడు.